ఒత్తు పడ్డ మాట

“బచ్చా కే ఇధర్ రఖో. అంకమ్మ కే నై బోలో.”

బిమ్లా ఇంటి వెనక తలుపు దగ్గర అంకమ్మ ఆగిపోయింది. లోపల మాట్లాడుతున్నది తన భర్త గంగయ్య! శనివారం ఒంటిపూట పని ముగించి, ఏటికి స్నానానికి వెళ్తున్నానని తుండుగుడ్డ భుజాన వేసుకుని బయల్దేరిన మనిషి, కూలీల మీద పెత్తందారు, సర్దారు లచ్మన్ ఇంట్లో, అతడి పెళ్ళాం బిమ్లాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు!

ఫిజీకి వచ్చి అయిదేళ్ళు కావస్తున్నా అంకమ్మకి హిందుస్తానీ అంతంతమాత్రమే. పొలంలో సర్దారు కేకలు, దుకాణంలో సరుకుల పేర్లు... అంతవరకే. కానీ ఈ మాటలు అర్థం చేసుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. బచ్చా అంటే బిడ్డ. ఇధర్ అంటే ఇక్కడ. రఖో అంటే ఉంచు. బిడ్డని ఇక్కడ ఉంచు... అంకమ్మకి చెప్పకు.

ఏ బిడ్డని? ఇంట్లో ఉన్నది ఒక్కతే. మూడేళ్ళు నిండని కాంతి!

లోపల బిమ్లా నవ్వింది. గబగబా ఏదో అంది. ఆ వేగంలో అంకమ్మకి ఒక్క ముక్క కూడా అందలేదు. చివర్న “ఠీక్ హై భయ్యా” అన్నది మాత్రం స్పష్టంగా వినపడింది. సరే అన్నయ్యా... బేరం కుదిరినట్టుగా!

అంకమ్మ కొంగులో బియ్యం మూట ఉంది. అది బిమ్లాకి ఇవ్వడానికే ఆమె దొంగచాటుగా వెనక దారిన వచ్చింది. ఇప్పుడా మూటని గుండెలకి అదుముకుని, చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి, చెరకుతోట గట్టు చుట్టి తమ గదికి చేరుకుంది.

ఆ బియ్యం సంగతి కొంచెం చెప్పాలి. గిర్మిట్ అనే అయిదేళ్ళ ఒప్పందం మీద వచ్చిన కూలీల లైన్లంటే పొడుగాటి రేకుల కొట్టం, అందులో వరసగా అగ్గిపెట్టెల్లాంటి గదులు. అలాంటి ఒక గదిలో అంకమ్మ సంసారం. పొలంలో వచ్చిన కూలి దుకాణానికే తిరిగిపోయే బతుకు. అయినా ఇల్లు నడిపే ఆడది దారులు వెతుక్కుంటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి పూటా ఒక గుప్పెడు తీసి రేకుడబ్బాలో వేసేది అంకమ్మ. తినేవాళ్ళకి ఆ గుప్పెడు లోటు తెలియదు. డబ్బాకి మాత్రం తెలుస్తుంది. వార్చిన గంజి సగం ఉప్పు వేసి ఉంచితే మర్నాడు పొలానికి వెళ్ళే ముందు కడుపు నిండేది. మిగతా సగం గంగయ్య చొక్కాకి పెట్టేది. గంజి పట్టిన చొక్కా చెరకాకుల కోతకి త్వరగా చిరగదు. పప్పు దించిన పొయ్యిలో నిప్పులు ఆరకముందే కర్రపెండలం దుంపలు కప్పెట్టేది. పులుసుకి పిసికిన చింతపండు పిప్పితో ఇత్తడి చెంబు తోమేది. కాలవ గట్టున ఊరికే మొలిచే చేమాకు కూరయ్యేది, పిండి సంచి విప్పితే కాంతికి గౌనయ్యేది. మిగిల్చిన బియ్యాన్ని బిమ్లా తన వంటకి తీసుకుని, దాని డబ్బు తన దగ్గరే దాచేది. లైన్లలో తాళాలు ఉండవు, దొంగలకి కొదవ లేదు. పైగా గంగయ్య చేతికి చిక్కితే అది స్నేహితులతో కలిసి తాగే యంగోనాకి పోతుందని భయం. ఆ వేరుని దంచి నీళ్ళలో కలుపుకుని చుట్టూ కూచున్నారంటే మగాళ్ళకి ఇల్లు గుర్తుండదు! ఊరికి తిరిగి వెళ్ళి ఓడ దిగిననాడు ఉత్త చేతులతో నిలబడకూడదని ఆమె ఆశ. అందుకే ఈ గుట్టు.

కానీ ఈ మధ్య గంగయ్య మారిపోయాడు. యంగోనా వైపు వెళ్ళడం లేదు. పొగాకు మానేశాడు. ఆదివారం ఎండుచేప తెస్తే ఎందుకింత ఖర్చన్నాడు. సబ్బెందుకు, బూడిద లేదా అన్నాడు. అన్నం తినగానే దీపం ఆర్పెయ్యమన్నాడు. మొదట్లో మొగుడికి బుద్ధి వచ్చిందని అంకమ్మ మురిసిపోయింది. కానీ మిగిలిందేదీ ఇంటికి రాలేదు! అడిగితే మాట మార్చేవాడు. ఎక్కడికి పోతోంది? ఎవరికి పోతోంది? ఆమెకి ఏమీ అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు అర్థమైంది... అర్థమైందనే అనుకుంది. వచ్చే నెలతో ఇద్దరి గిర్మిటూ తీరిపోతుంది. ఊరికి వెళ్దామని ఆమె ఎప్పటినుంచో పోరుతోంది. సొంత ఖర్చుతో ఓడెక్కాలంటే మనిషికింత అని కట్టాలి. పిల్లకీ కట్టాలి! చేప తగ్గించాడు, సబ్బు తగ్గించాడు, దీపం తగ్గించాడు... ఇప్పుడు పిల్లనే తగ్గిస్తున్నాడా?

ఛీ, ఏ తండ్రయినా అలా చేస్తాడా? మరి ఆ మాటలకి ఇంకో అర్థం ఏముంది? బిమ్లాకి పిల్లల్లేరు. అంకమ్మ పొలంలో కలుపు తీస్తుంటే కాంతిని పెంచింది బిమ్లాయే. కాంతి అన్న పేరు పెట్టిందీ బిమ్లాయే. పిల్ల నీళ్ళని పానీ అంటుంది, అన్నాన్ని భాత్ అంటుంది. నిద్దట్లో కలవరిస్తే కూడా హిందుస్తానీలోనే కలవరిస్తుంది. కన్నతల్లికి అందని భాషలో నిద్దరోతున్న పిల్ల... అది ఇప్పటికే సగం బిమ్లాది కాదూ?

ఆ సాయంత్రం గంగయ్య తడి తలతో, పాట కూనిరాగం తీసుకుంటూ వచ్చాడు. అంకమ్మ కంచం పెట్టింది. అతడు తింటూ తింటూ, రేపు బిమ్లా ఇంట్లో సత్యనారాయణ కథ ఉందట, పొద్దున్నే కాంతికి తలంటి పంపమన్నాడు. బిమ్లా పిల్లకి కొత్త గౌను కుట్టించిందని కూడా చెప్పాడు.

“నాను రావక్కర్లేదా మావా?” అని అడిగింది అంకమ్మ.

“నువ్వెందుకు, అలిసిపోయున్నావు. పిల్లనంపు, చాలు.”

ఎంత ప్రేమగా అన్నాడు! ఆ ప్రేమే ఆమెకి కత్తిలా దిగింది. అడిగెయ్యాలని నోటి దాకా వచ్చింది. అడిగితే ఔనంటాడేమో... ఔనంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. ఆమె ఇంతకు ముందు ఒక బిడ్డని పోగొట్టుకుంది. వచ్చిన మొదటి ఏడాది, పాలు తాగే మగపిల్లవాడు, వానాకాలంలో విరేచనాలు పట్టుకుని చేతుల్లోనే చల్లబడిపోయాడు. ఆ తర్వాత ఆ వానలన్నీ ఆమె బల్ల మీద గోడకి తిరిగి పడుకునే గడిపింది. కులంబర్ దొర దయ తలచి పడుకోనిచ్చాడని, ఆ తెల్ల ఓవర్‌సీరు పైకి గట్టిగా కనిపించినా మంచివాడేనని గంగయ్య అప్పట్లో చెప్పాడు. ఆ దయ వల్లే లేచి మనిషినయ్యానని ఆమె నమ్మకం. అంత కష్టంలో పక్కనున్న మొగుడే ఇప్పుడు ఇలా చేస్తాడా? ఆమెకి ఏదీ దేనితోనూ పొసగలేదు.

మర్నాడు ఆదివారం. పొలం పని లేదు. పిల్లని బిమ్లా ఇంటికి ఆమే తీసుకెళ్ళింది. గుమ్మంలో బిమ్లా ఎదురొచ్చి కాంతిని ఎత్తుకుని, కొత్త గౌను తొడిగి, బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులేసి నవ్వింది. అంకమ్మ ఇక ఆగలేకపోయింది. తనకొచ్చిన నాలుగు హిందుస్తానీ ముక్కలూ కూడదీసుకుని సూటిగా అడిగేసింది.

“దీదీ, బచ్చా తుమ్ రఖేగా?” అక్కా, బిడ్డని నువ్వు ఉంచుకుంటావా?

బిమ్లా ముఖం పాలిపోయింది. “కౌన్ బోలా?” అంది. ఎవరు చెప్పారు నీకు?

కాదనలేదు! అదేం మాటని తిట్టలేదు! ఎవరు చెప్పారని అడిగింది! బిమ్లా ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. “ఫికర్ నై కర్ బహిని. హమార్ పాస్ ఠీక్ రహీ.” బెంగపెట్టుకోకు చెల్లీ, నా దగ్గర భద్రంగా ఉంటుంది.

“కాహే?” అంది అంకమ్మ. ఎందుకు?

బిమ్లా అటూ ఇటూ చూసింది. చెప్పకూడనిది చెబుతున్నట్టు గొంతు బాగా తగ్గించింది. “గిర్మిట్ ఖలాస్ కరే వాస్తే.”

గిర్మిట్ తీర్చుకోవడానికి! లచ్మన్ సర్దారు. కులంబర్‌కి కుడిభుజం. ఎవరి పని తొందరగా తెమలాలో, ఎవరిది తెమలకూడదో అతడి చేతిలో ఉంది. అంటే... బిడ్డనిచ్చి గిర్మిట్ నుంచి బయటపడుతున్నాడా గంగయ్య? కానీ గిర్మిట్ వచ్చే నెలతో ఎలాగూ తీరిపోతుంది కదా! తీరిపోయేదానికి వెల ఎందుకు? అంకమ్మ బుర్రలో దారాలన్నీ చిక్కుపడిపోయాయి. ఏ కొస పట్టుకుని లాగినా కాంతి దగ్గరికే వచ్చి ఆగుతోంది.

బిమ్లా పూజకి నీళ్ళు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. అంకమ్మ పిల్లని చంకనేసుకుని నడిచింది. లైన్ల వైపు కాదు. చెరకు బళ్ళు నడిచే రైలు కమ్మీల వెంట, వునిమోలి వైపు!

వునిమోలిలో దొరస్వామి ఉన్నాడు. నెల్లూరు వైపు మనిషి, పెద్దవాడు. ఎప్పుడో గిర్మిట్ తీర్చుకుని, చిన్న చెరకు చెక్క కౌలుకి తీసుకుని ఒంటరిగా బతుకుతున్నాడు. లైన్లలో తెలుగువాళ్ళకి కష్టం వస్తే ఆయన గుమ్మమే దిక్కు. ఆయన హిందుస్తానీ మాట్లాడితే హిందుస్తానీవాళ్ళు కూడా తమవాడే అనుకుంటారు. పిల్లతో సహా నన్ను దాచమని ఆయన కాళ్ళు పట్టుకోవాలి. రేపు పొద్దున హాజరుకి వెళ్ళకపోతే కోర్టుకి ఈడుస్తారని ఆమెకి తెలుసు. ఈడవనీ! చంకలో పిల్ల ఉంటే చాలు.

ఎండ నెత్తిన మాడుతోంది. కమ్మీల పక్క కంకర అరికాళ్ళని కొరుకుతోంది. కాంతి కొంతసేపు నవ్వింది, కొంతసేపు పానీ కావాలని ఏడ్చింది, చివరికి తల్లి భుజం మీద తల వాల్చేసింది.

దొరస్వామి గుడిసె ముందు కూచుని పార పిడి చెక్కుకుంటున్నాడు. ఆమె వాలకం చూసి పార పక్కన పెట్టేశాడు.

“ఏందమ్మా ఈ ఎండలో? మీ ఆయన యాడ?”

ఆ మాటకి అంకమ్మ అక్కడే కూలబడిపోయింది. చెప్పింది. ఏడుస్తూ, ఆగుతూ, వెనక్కీ ముందుకీ పోతూ అంతా చెప్పింది. పొగాకు మానెయ్యడం, దీపం ఆర్పెయ్యడం, తలుపు చాటు మాటలు, బిమ్లా పాలిపోయిన ముఖం... దొరస్వామి మధ్యలో అడ్డు రాలేదు. పిల్లకి నీళ్ళు పట్టించాడు, చల్లారిన దుంప ముక్క చేతిలో పెట్టాడు. అంతా అయ్యాక, గంగయ్య అలాంటివాడు కాడని ఆయన అనలేదు. అలాంటివాడే అని కూడా అనలేదు. నుదురు రుద్దుకుంటూ, ఆ మాటని ఎట్లా అన్నాడో అట్లే చెప్పమని అడిగాడు. ఆమె చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. ఆయన ముఖంలోకి ఏదో వచ్చి పోయింది.

అంతలో కమ్మీల మీద రెండు ఆకారాలు కనిపించాయి. ముందు గంగయ్య, పరుగు లాంటి నడకతో. వెనక బిమ్లా, కొంగు నడుముకి బిగించి, పూజ మధ్యలో వదిలేసి వచ్చిన మనిషిలా నుదుట గంధంతో. అంకమ్మ పిల్లని లాక్కుని గుడిసె గోడకి ఆనుకుంది.

“ఏటయిందే నీకు?” అన్నాడు గంగయ్య. అతడికి ఊపిరి అందడం లేదు. “పిల్లనెత్తుకుని ఎటెల్లిపోయావోనని...”

“ఇయ్యను,” అంది అంకమ్మ. “నన్ను అమ్ముకో మావా. పిల్లని ఇయ్యను.”

దొరస్వామి లేచి మధ్యలోకి వచ్చాడు. శనివారం నాడు బిమ్లా ఇంట్లో ఏమన్నావో ఇప్పుడు అందరి ముందూ అనమన్నాడు. గంగయ్య భార్య వంక చూసి, నేల వంక చూసి, నసిగాడు. వదల్లేదు ఆయన.

“అను. మాట మార్చబాక.”

“బచ్చా కే ఇధర్ రఖో అన్నాను,” అన్నాడు గంగయ్య.

“యిన్నారా,” అంది అంకమ్మ. ఆమెకి ఏడుపు కూడా ఆగిపోయింది. “ఒప్పేసుకున్నాడు.”

దొరస్వామి బిమ్లా వైపు తిరిగి, గంగయ్య ఏం చెప్పాడో నీ నోటితో చెప్పమ్మా అని హిందుస్తానీలో అడిగాడు. బిమ్లా ముగ్గురి ముఖాలూ చూసింది. “బచా కే రఖో,” అంది తేలిగ్గా, నీటిమీద ఆకులా.

దొరస్వామి తల కొట్టుకున్నాడు. కొట్టుకుంటూనే నవ్వాడు.

“అమ్మా అంకమ్మా, నీ చెవి మంచిదే. నీ మొగుడి నాలుకే మొద్దు. బచా అంటే మిగిల్చి. బచా కే రఖో అంటే, మిగిల్చి దాచిపెట్టు అని. వీడు మన తెలుగు నోటితో దానికి ఒక ఒత్తు తగిలించినాడు. అది బచ్చా అయి కూచుంది. వీళ్ళ మొరటు మాటలకి అలవాటుపడి ఆ తల్లి సరిగ్గా అర్థం చేసుకుంది. నువ్వేమో వీడు అన్నది అన్నట్టే అర్థం చేసుకున్నావు. పొద్దున నువ్వడిగిందీ ఆ దాచిన డబ్బు గురించే అనుకుంది ఈ తల్లి.”

ఒక్క ఒత్తు! అంకమ్మ ఆ మాటని లోపల్లోపల రెండు రకాలుగానూ అనుకుని చూసింది. బచా. బచ్చా. తేడా ఆ ఒత్తే. ఆ ఒత్తులోనే నిన్నటి నుంచి పిల్ల చిక్కుకుంది! దొరస్వామి బిమ్లాకి విడమరిచి చెప్పాడు. బిమ్లా మొదట ఫక్కున నవ్వింది. ఇద్దరూ ఇద్దరే, మొగుడు ముందు తలుపులోంచి వస్తాడు, పెళ్ళాం వెనక తలుపులోంచి వస్తుంది, ఒకరికి తెలియకుండా ఒకరు నా ఇంట్లో దాస్తారు, నేను రెండు కుండలు పెట్టుకుని రెండు నోళ్ళు మూసుకోవాలి అంటూ దెప్పింది. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. ఆమె కాంతి వైపు చూడకుండా ముఖం తిప్పుకుని, మెల్లగా ఇంకేదో అంది. దొరస్వామి దాన్ని తెలుగులో చెప్పాడు.

“అడిగితే ఇచ్చేదయితే పిల్ల పుట్టిన రోజే అడిగుండేదాన్ని అంటోంది.”

అంకమ్మ తల వాలిపోయింది. ఏ మనిషిని ఏమనుకుంది తను! లేచి వెళ్ళి బిమ్లా చెయ్యి పట్టుకుంది. ఏ భాషలో క్షమించమని అడగాలో తెలియక ఊరికే పట్టుకుని నిలబడింది. బిమ్లా ఆ చెయ్యి విడిపించుకోలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ ఇల్లు నడిపే ఆడదానికి లెక్క తేలని చోట మనసు నిలవదు. గంగయ్య పొగాకు మాని, తిండి మాని దాచాడు, సరే. ఎందుకు? భార్యకి చెప్పొద్దని ఎందుకు? గిర్మిట్ తీర్చుకోవడానికి అని బిమ్లా ఎందుకంది?

“వచ్చే నెలకి మన గిర్మిట్ అయిపోతాది కదా మావా,” అంది. “మరి దేనికి దాచావు?”

దొరస్వామి పారని చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పక్కన పెట్టాడు. ఆయనకి తెలుసు! బిమ్లాకి కూడా తెలుసు! తెలియనిది తనొక్కతికే!

“నాది అయిపోతాది,” అన్నాడు గంగయ్య చివరికి. “నీది అవదు.”

అతడు కూచుని, నేలని చూస్తూ చెప్పాడు. పిల్లవాడు పోయిన ఆ వానాకాలంలో కులంబర్ దయేమీ తలచలేదు. పనికి రాని రోజులన్నీ కోర్టులో చెప్పి, ఆమె గిర్మిట్ మీదికి ఎక్కించాడు. ఆమెని బండిలో లంబాసా పట్నం తీసుకెళ్ళిన రోజు గుర్తుందా అని అడిగాడు.

గుర్తుంది. కుర్చీలో ఒక తెల్లదొర. పేరేమిటని అడిగాడు. గంగయ్య ఏదో చెప్పి దణ్ణం పెట్టాడు. డాక్టరని గంగయ్య చెప్పాడు. ఈ డాక్టరు కనీసం నాడి కూడా చూడలేదేమిటని ఆమె అప్పుడు అనుకుంది... ఆ మాత్రం అనుకుని మళ్ళీ గోడకి తిరిగి పడుకుంది! అది కోర్టని ఇప్పుడు తెలిసింది.

“ఆవేళ నిజం చెబితే నువ్వు బతికేదానివి కాదే,” అన్నాడు గంగయ్య. “తర్వాత చెబుదామంటే నోరు రాలేదు. మిగిలిన రోజులకి డబ్బు కట్టేస్తే వదిలేస్తారని ఈ పెద్దాయన చెప్పాడు. కట్టేసి, ఇద్దరం ఒకేసారి బయటికొచ్చేద్దామనుకున్నాను. నీకు తెలియకుండానే గడిచిపోతాదని...”

అంకమ్మకి కోపం రావాలి. రాలేదు. జాలి కలగాలి. అదీ సరిగ్గా కలగలేదు. ఇన్నేళ్ళూ తను ఎవరి దయకో దణ్ణం పెట్టుకుంది. ఆ దయ లేనేలేదు. మొగుడు పిల్లని వదిలించుకుంటున్నాడనుకుంది; అతడు తనని విడిపించుకుంటున్నాడు. నిన్నటి నుంచి నమ్మినవన్నీ అబద్ధాలే, నాలుగేళ్ళ నుంచి నమ్మినవీ అబద్ధాలే! ఏది పట్టుకుని నిలబడాలో తెలియక ఆమె చాలాసేపు కాంతి జుట్టు సరిచేస్తూ కూచుంది.

రెండు కుండల్లోదీ కలిపితే సరిపోతుందని దొరస్వామి అన్నాడు. రేపే లచ్మన్ చేత కులంబర్‌తో మాట్లాడించవచ్చన్నాడు. గంగయ్య ముఖం వెలిగింది. అంకమ్మ గుప్పెడు గుప్పెడుగా దాచింది ఇంతవుతుందని అతడు ఎన్నడూ అనుకోలేదు.

“కట్టొద్దు,” అంది అంకమ్మ.

ముగ్గురూ ఆమె వంక చూశారు.

“ఏది కర్చెట్టాలో, ఏది ఎట్టకూడదో ఇన్నాళ్ళూ నానే సూసుకున్నాను. ఇదీ నానే సూస్తాను. ఆ డబ్బెట్టి ఈ పెద్దాయన పక్కన నేల తీసుకో. నా రోజులు నాను చేసుకుంటాను.”

గంగయ్య వాదించాడు. ఊరికి వెళ్దామని పోరినదానివి నువ్వే కదా అన్నాడు. ఇక్కడ నేల తీసుకుంటే ఇక ఊరు లేదన్నాడు. మళ్ళీ చలిలో లేచి, ఎండలో ఒంగి, ఆ కులంబర్ బూతులు పడాల్సిన పని ఏముందన్నాడు. అంకమ్మకి కూడా జవాబు సరిగ్గా తెలియదు. తెలిసినంతవరకు చెప్పింది.

“అవి నా కొడుకు రోజులు మావా. ఆడి కోసం పడుకున్న రోజులు. ఆటిని డబ్బిచ్చి కొట్టేయించుకోను. ఆణ్ణి ఇక్కడే కదా పెట్టాం... ఇక ఊరేటి?”

బిమ్లా కొంగుతో నుదుటి గంధం తుడుచుకుంది. సాయంత్రానికల్లా పిల్లతో కలిపి నలుగురూ కమ్మీల వెంట లైన్లకి తిరిగొచ్చారు. మర్నాడు పొద్దున హాజరులో అంకమ్మ పేరు పిలిచినప్పుడు ఆమె వరసలోనే ఉంది.

గంగయ్య గిర్మిట్ తీరింది. వునిమోలిలో దొరస్వామి చెక్కని ఆనుకుని ఉన్న నేల అతడి పేర కౌలుకి వచ్చింది. స్వతంత్రుడికి లైన్లలో గది ఉండదు కాబట్టి అతడు అక్కడే రెల్లు గుడిసె వేసుకున్నాడు. అంకమ్మ, కాంతి లైన్లలో మిగిలారు. ఆమె రోజులు ఆమె చేస్తోంది. ఒక్కోసారి పొలంలో ఒంగి ఉన్నప్పుడు, తను చేసింది మంచిపనో పిచ్చిపనో తెలియక నడుము పట్టుకుని నిలబడిపోయేది. డబ్బు కట్టేసి ఉంటే ఈపాటికి సొంత పొయ్యి దగ్గర ఉండేదాన్ని కదా అనిపించేది. అలా అనిపించినందుకు పోయిన కొడుకు ముందు సిగ్గేసేది. రెండూ నిజమే. ఏది ఎక్కువ నిజమో ఆమె తేల్చుకోలేకపోయింది.

ఒకనాడు ఆమెకి కలుపు తియ్యమని చూపించిన చాలు మరీ పొడుగ్గా ఉంది. చెరకు తలెత్తు దాటింది, అవతలి కొస కనిపించడం లేదు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నా సగం కూడా కాలేదు. ఆమె తల వంచుకుని పార వేస్తూనే ఉంది. కొంతసేపటికి అదే చాలు అవతలి వైపు నుంచి ఇంకో పార చప్పుడు వినిపించింది. దగ్గరవుతోంది. సర్దారు లచ్మన్ గట్టు మీద నిలబడి, ఇటు వీపు పెట్టి, ఆకాశంలో మబ్బుల్ని శ్రద్ధగా చూస్తున్నాడు.

చెరకాకుల మధ్యలోంచి గంగయ్య బయటపడ్డాడు. మోచేతుల నిండా కోతలు. చొక్కాకి గంజి లేదు.

“నువ్వు గిర్మిట్ అయిపోయినోడివి,” అంది అంకమ్మ. “ఇక్కడ నీకు కూలి రాదు.”

“తెల్సు.”

“కులంబర్ సూస్తే తంతాడు.”

“తన్ననీ.”

“ఈ రోజులు నావని చెప్పాను కదా మావా.”

గంగయ్య ఒంగి, ఇద్దరి మధ్యా మిగిలిన గడ్డి దుబ్బుని వేళ్ళతో సహా పెకలించి, మట్టి దులిపి, పక్కన పడేశాడు. చెయ్యి వెనక్కి తిప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

“ఆడు నాకూ కొడుకే కదే,” అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట అతడి నోట ఆమె వినడం అదే మొదటిసారి. ఇందులో ఏ అక్షరం తప్పు విన్నానా అని ఆమె వెతుక్కోలేదు. పక్క చాలులోకి జరిగి, తన పక్కన అతడికి చోటిచ్చింది.